డేటా సెంటర్‌లోని ప్రతి పెట్టెకూ ఒకే గుమ్మం: రిమోట్ యాక్సెస్‌ను భద్రంగా ఒకచోటికి తేవడం ఎలా?

డేటా సెంటర్ పరికరాలకు రిమోట్ యాక్సెస్ ఏర్పాటు చేసేటప్పుడు రెండే ప్రశ్నలు వేసుకోండి. ప్రొడక్షన్ నెట్‌వర్క్ (అసలు సేవలు నడిచే నెట్‌వర్క్) మొత్తం పడిపోయిన రోజున కూడా ప్రతి సర్వర్, ప్రతి స్విచ్, ప్రతి పవర్ సాకెట్ మన చేతికి అందుతుందా? మిగతా రోజుల్లో వాటి దగ్గరికి వెళ్లే దారి ఒక్కటే ఉందా, ఎవరు ఎప్పుడు వెళ్లారో రాసి ఉందా? చాలా సంస్థల్లో రెండింటికీ జవాబు లేదనే. కొన్ని సర్వర్ల మేనేజ్‌మెంట్ పోర్టులు (సర్వర్‌ను దూరం నుంచి అదుపు చేసే సాకెట్లు) ఆఫీసు వీల్యాన్‌లో (స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్క్‌లో) ఉంటాయి, కొన్నిటికి కేబులే ఉండదు, పాస్‌వర్డ్‌లు వాట్సాప్ గ్రూపులో తిరుగుతుంటాయి.

మొదటి ప్రశ్నకు జవాబు లేకపోతే ఏమవుతుందో 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్‌లో కనిపించింది. డేటా సెంటర్లను కలిపే బ్యాక్‌బోన్ తెగిపోయింది, పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్‌ఎస్ పోయింది, అత్యవసరానికని వేరుగా పెట్టుకున్న అవుట్ ఆఫ్ బ్యాండ్ నెట్‌వర్క్ కూడా అందలేదు. ఇంజినీర్లు స్వయంగా డేటా సెంటర్లకు వెళ్లాల్సి వచ్చింది. 2022 జులై 8న కెనడాలో రోజర్స్ నెట్‌వర్క్ పడిపోయినప్పుడూ ఇదే గొడవ. వాళ్ల మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్ కోర్ నెట్‌వర్క్ మీదే నడుస్తోంది కాబట్టి, కోర్ పోగానే దాన్ని బాగుచేసే దారీ పోయింది.

ఇక్కడ చెప్పేదంతా ఒక మధ్యస్థాయి ఏర్పాటును దృష్టిలో పెట్టుకుని: కోలొకేషన్‌లో (అద్దె డేటా సెంటర్‌లో) 4 ర్యాకులు, ర్యాకుకు 15 చొప్పున 60 సర్వర్లు, 8 స్విచ్‌లు, 2 ఫైర్‌వాల్స్, ర్యాకుకు 2 చొప్పున 8 పీడీయూలు (ర్యాకులో కరెంటు పంచే సాకెట్ పట్టీలు). మీది ఇంతకంటే చిన్నదైనా పెద్దదైనా పద్ధతి మారదు, పోర్టుల లెక్కే మారుతుంది.

1. ముందు గుమ్మాలన్నీ లెక్కపెట్టండి

ప్రతి పెట్టెకూ లోపలికి వెళ్లే దారులు నాలుగు రకాలు: సర్వర్ బోర్డు మీద వేరుగా నడిచే చిన్న కంప్యూటర్ బీఎంసీ (డెల్‌లో ఐడ్రాక్, హెచ్‌పీఈలో ఐఎల్‌ఓ అనేది ఇదే), అక్షరాల కమాండ్‌లు నడిచే సీరియల్ కన్సోల్, పీడీయూ, సర్వర్ కీబోర్డు, స్క్రీన్, మౌస్‌లను మన దగ్గరికి తెచ్చే కేవీఎం. స్ప్రెడ్‌షీట్‌లో ఒక్కో పరికరానికి ఒక్కో వరస రాయండి: ర్యాక్, యూ నంబర్ (ర్యాకులో ఎన్నో అర), సీరియల్ నంబర్, బీఎంసీ చిరునామా, మ్యాక్ (నెట్‌వర్క్ కార్డు నంబర్), ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) వెర్షన్, కన్సోల్ పోర్ట్ నంబర్, ఏ పీడీయూలో ఏ సాకెట్. సాకెట్ నంబర్ కాలమ్‌ను ఖాళీగా వదిలేయకండి. రిమోట్‌గా పవర్ ఆఫ్ చేసేటప్పుడు పక్క సర్వర్ ఆగిపోయేది ఇక్కడి నిర్లక్ష్యం వల్లే.

తర్వాత మీ నెట్‌వర్క్ అంతా స్కాన్ చేయండి. రిమోట్ యాక్సెస్‌కు వాడే యూడీపీ 623, టీసీపీ 22, 23, 443, 5900 పోర్టులు ఎక్కడెక్కడ తెరిచి ఉన్నాయో చూడండి. షీట్‌లో లేని చిరునామాలు కచ్చితంగా బయటపడతాయి. దీనికి ఒక ముఖ్య కారణం ఉంది. సూపర్‌మైక్రో బోర్డుల్లో బీఎంసీ నెట్‌వర్క్ మోడ్ డిఫాల్ట్‌గా ఫెయిలోవర్‌లో ఉంటుంది. బూట్ అయ్యే సమయానికి మేనేజ్‌మెంట్ పోర్టులో కేబుల్ లేకపోతే బీఎంసీ తనంతట తానే మొదటి ల్యాన్ పోర్టుకు, అంటే మీ ప్రొడక్షన్ నెట్‌వర్క్‌కు మారిపోతుంది. ఆ సర్వర్‌కు పబ్లిక్ ఐపీలు అందే వీల్యాన్ ఉంటే బీఎంసీ నేరుగా ఇంటర్నెట్‌లో నిలబడినట్టే. ప్రతి బోర్డులోనూ ఈ సెట్టింగ్‌ను డెడికేటెడ్‌కు మార్చండి. మిగతా బ్రాండ్లలో షేర్డ్ మోడ్ ఉందేమో చూసి దాన్నీ మార్చండి.

2. వేరే స్విచ్‌లు, వేరే తీగలు

పైన అనుకున్న ర్యాకులో 15 బీఎంసీలు, 2 పీడీయూలు, 2 స్విచ్ మేనేజ్‌మెంట్ పోర్టులు కలిపి 19. ర్యాకుకు ఒక 24 పోర్టుల మేనేజ్డ్ గిగాబిట్ స్విచ్ సరిపోతుంది. మిగిలిపోయిన పాత స్విచ్‌నైనా వాడొచ్చు, అప్‌డేట్‌లు వస్తున్నదైతే చాలు. కానీ 10జీ కాపర్ స్విచ్‌ను ఈ పనికి పెట్టకండి. పాత బీఎంసీలు, చాలా పీడీయూలు 10/100 వేగంతోనే మాట్లాడతాయి. కొన్ని 10జీ స్విచ్ పోర్టులు అంత కిందికి దిగవు, లింక్ లైటే వెలగదు, తప్పు కేబుల్‌దనుకుని కేబుళ్లు మారుస్తూ కూర్చుంటారు.

ప్రొడక్షన్ స్విచ్‌లోనే ఇంకో వీల్యాన్ చేసి మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్ అనడం ఖర్చు తగ్గించే పనే గానీ, పైన అడిగిన మొదటి ప్రశ్నకు అది జవాబు కాదు. ఆ స్విచ్ పోతే రెండూ పోతాయి.

ఈ నాలుగు స్విచ్‌ల అప్‌లింక్‌లూ ఒక చిన్న ఫైర్‌వాల్‌కు చేరాలి. బీఎంసీలకు ఒక సబ్‌నెట్, పీడీయూలకు ఒకటి, నెట్‌వర్క్ పరికరాలకు ఒకటి చొప్పున విడదీయండి. ఉదాహరణకు 10.90.1.0/24, 10.90.2.0/24, 10.90.3.0/24. ప్రతి యాక్సెస్ పోర్టునూ ప్రైవేట్ వీల్యాన్‌లో ఐసొలేటెడ్‌గానో, ప్రొటెక్టెడ్ పోర్టుగానో పెట్టండి, ఒక బీఎంసీ పక్క బీఎంసీతో మాట్లాడే అవసరం ఎప్పుడూ ఉండదు. ఒకటి చెడినా రోగం మిగతా 59కి పాకకుండా ఆపేది ఇదే. ప్రొటెక్టెడ్ పోర్ట్ ఆ ఒక్క స్విచ్ వరకే పనిచేస్తుంది కాబట్టి ర్యాకుల మధ్య అడ్డు ఫైర్‌వాల్ దగ్గర వేయాలి. బీఎంసీల నుంచి ఇంటర్నెట్‌కు వెళ్లే దారి పూర్తిగా మూసేయండి.

చిరునామాలు స్టాటిక్‌గా ఇవ్వండి. విపత్తు రోజున చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ ఉంటుందన్న నమ్మకం లేదు. డీఎన్‌ఎస్ పేర్లు సౌకర్యానికి ఉండొచ్చు, కానీ పేరు లేకుండా చిరునామాతోనే పని జరిగేలా ఉండాలి.

కరెంటు విషయం కూడా ఇక్కడే తేల్చుకోండి. చిన్న స్విచ్‌లకూ ఫైర్‌వాల్‌కూ సాధారణంగా ఒకే పవర్ సప్లై ఉంటుంది. ర్యాకుకు వచ్చే రెండు కరెంటు లైన్లలో ‘ఏ’ ఫీడ్ పోతే ‘బీ’ ఫీడ్‌కు మారే చిన్న ఆటోమేటిక్ ట్రాన్స్‌ఫర్ స్విచ్‌ను ర్యాకులో పెట్టి వీటిని దాని మీద నడపండి. వీటి సాకెట్‌లను పీడీయూలో ‘ఆఫ్ చేయరాదు’ అని లాక్ చేయండి. సొంత రూటర్‌నే ఆఫ్ చేసుకుంటే తిరిగి ఆన్ చేయడానికి దారి ఉండదు.

3. బయటి నుంచి రెండో దారి

ఈ ఫైర్‌వాల్‌కు ప్రొడక్షన్‌తో సంబంధం లేని ఇంటర్నెట్ కావాలి. కోలొకేషన్ వాళ్ల దగ్గర చిన్న లైన్ వేరే ఆపరేటర్‌ది తీసుకోండి, దానికి తోడుగా ఎల్‌టీఈ (4జీ మొబైల్) మోడెమ్. డేటా హాల్ లోపల సిగ్నల్ బలహీనంగా ఉంటుంది, ర్యాకు తలుపు మూస్తే ఇంకా పడిపోతుంది. యాంటెన్నాను కేబుల్ ట్రే మీదికో హాల్ బయటికో తీసుకెళ్లడానికి కోలో వాళ్ల అనుమతి ముందే అడగండి. సిమ్ పోస్ట్‌పెయిడ్ అయి ఉండాలి. ప్రీపెయిడ్ రీచార్జ్ గడువు దాటిందన్న సంగతి అవసరపడ్డ రోజునే తెలుస్తుంది.

మొబైల్ ఆపరేటర్లు ఐపీవీ4లో సాధారణంగా మీకంటూ పబ్లిక్ ఐపీ ఇవ్వరు, బయటి నుంచి లోపలికి పిలవలేం. కాబట్టి టన్నెల్‌ను (ఇంటర్నెట్ మీద రహస్య దారిని) లోపలి నుంచే బయటికి కట్టాలి. మీ ఆఫీసులోనో వేరే క్లౌడ్‌లోనో ఒక వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సర్వర్ పెట్టి, డేటా సెంటర్ ఫైర్‌వాల్ దాన్ని పిలిచేలా చేయండి. పర్సిస్టెంట్ కీప్‌అలైవ్ 25 సెకన్లకు పెడితే ఆపరేటర్ నాట్ టేబుల్‌లో (చిరునామాలు మార్చి పంపే పట్టికలో) దారి మూసుకుపోదు.

ఇక్కడొక చిక్కు చాలామందికి తెలియదు. వైర్‌గార్డ్ హ్యాండ్‌షేక్‌లో (రెండు కొసలూ మొదట పలకరించుకునే సందేశంలో) టైమ్‌స్టాంప్ ఉంటుంది. అంతకుముందు చూసినదానికంటే పాత టైమ్ వస్తే అవతలి సర్వర్ దాన్ని పడేస్తుంది. బ్యాటరీ గడియారం లేని చిన్న రూటర్ కరెంటు పోయి వచ్చాక పాత తేదీతో లేస్తుంది, హ్యాండ్‌షేక్ కుదరదు. దానికి టైమ్ ఇచ్చే ఎన్‌టీపీ సర్వర్ టన్నెల్ అవతల ఉంటే ఇక ఎప్పటికీ కుదరదు. గడియారం ఉన్న పరికరమే కొనండి, లేదా టైమ్‌ను టన్నెల్ బయట నుంచి తెచ్చుకునేలా పెట్టండి.

ఎల్‌టీఈ మీద సీరియల్ కన్సోల్ చక్కగా నడుస్తుంది, కేవీఎం స్క్రీన్ కాస్త ఓపికతో నడుస్తుంది. మీ ల్యాప్‌టాప్‌లోని ఐఎస్ఓ ఫైల్‌ను (ఇన్‌స్టాల్ డిస్క్ నకలును) వర్చువల్ మీడియాగా (దూరం నుంచి పెట్టిన డిస్క్‌లా) తగిలించి ఆపరేటింగ్ సిస్టమ్ వేయడం మాత్రం అవదు. అందుకని ఆ మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్‌లోనే ఒక చిన్న ఫైల్ సర్వర్ పెట్టి రెస్క్యూ, ఇన్‌స్టాల్ ఐఎస్ఓలు అక్కడే ఉంచండి. బీఎంసీ వాటిని ఎన్‌ఎఫ్‌ఎస్ లేదా హెచ్‌టీటీపీ ద్వారా పక్కనుంచే అందుకుంటుంది.

4. సీరియల్ కన్సోళ్లు

స్విచ్‌లు, ఫైర్‌వాల్స్ కలిపి 10 పరికరాలకు 16 పోర్టుల కన్సోల్ సర్వర్ ఒకటి చాలు. నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్ చెడినప్పుడు మిగిలే ఏకైక దారి ఇదే కాబట్టి దీని మీద పొదుపు చేయకండి.

ఆర్‌జే45 సాకెట్ చూడటానికి ఒకేలా ఉన్నా లోపలి పిన్ అమరిక ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది. సిస్కో స్విచ్‌కు కొన్ని కన్సోల్ సర్వర్ల నుంచి మామూలు ప్యాచ్ కార్డ్ సరిపోతుంది, కొన్నిటికి రోలోవర్ కేబుల్ (ఒక కొసలో పిన్‌లు తిరగేసినది) కావాలి. ఒక్కో మోడల్‌కు ఒక కేబుల్ తయారుచేసి పరీక్షించాకే మిగతావి చేయించండి. స్క్రీన్ మీద పిచ్చి అక్షరాలు వస్తే వేగం తేడా: సిస్కో పరికరాలు మామూలుగా 9600, సర్వర్లు 115200. ఏమీ రాకపోతే పిన్ అమరిక తప్పు. అవతలి అక్షరాలు కనబడుతూ మీరు టైప్ చేసేవి వెళ్లకపోతే హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ ఆన్‌లో ఉండి ఆ తీగలు లేకపోవడమే ఎక్కువసార్లు కారణం. దాన్ని ఆఫ్ చేయండి.

లినక్స్ సర్వర్లలో సీరియల్ ఓవర్ ల్యాన్ (బీఎంసీ ద్వారా నెట్‌వర్క్ మీద సీరియల్ కన్సోల్) వాడాలంటే బయాస్, గ్రబ్ (బూట్ లోడర్), కెర్నెల్ బూట్ లైన్ మూడింటిలోనూ ఒకే పోర్టు, ఒకే వేగం ఉండాలి. చాలా బోర్డుల్లో ఇది రెండో సీరియల్ పోర్టు మీద ఉంటుంది. బయాస్ కనబడి లినక్స్ మొదలవగానే స్క్రీన్ ఆగిపోతోందంటే కెర్నెల్ లైన్‌లో మొదటి పోర్టు రాసి ఉందేమో చూడండి.

సిస్కో స్విచ్‌ల ఆపరేటింగ్ సిస్టమ్ ఐఓఎస్‌లో కన్సోల్ టైమౌట్ డిఫాల్ట్ 10 నిమిషాలు. పని మధ్యలో తెగిపోతోందని విసుగుతో దాన్ని సున్నాకు మార్చిన స్విచ్‌లు ప్రతి డేటా సెంటర్‌లోనూ ఉంటాయి. ఒకరు ఎనేబుల్ మోడ్‌లో (పూర్తి అధికారం ఉన్న స్థితిలో) వదిలేసి వెళ్తే తర్వాత ఆ పోర్ట్ తెరిచినవాళ్లు పాస్‌వర్డ్ లేకుండా అదే మోడ్‌లో ఉంటారు. అది వెనక్కి 10కి తేవాలి. కన్సోల్ సర్వర్‌లో ప్రతి పోర్టు అవుట్‌పుట్‌నూ నిరంతరం లాగ్ చేసే సౌకర్యం ఉంటుంది, ఆన్ చేయండి. స్విచ్ క్రాష్ అయిన క్షణంలో అది చివరగా ఏం అరిచిందో ఇంకెక్కడా దొరకదు.

5. బీఎంసీలను బిగించడం

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడ. బీఎంసీ అంటే సర్వర్ లోపల ఎప్పుడూ మెలకువగా ఉండే ఇంకో చిన్న కంప్యూటర్. ఆపరేటింగ్ సిస్టమ్ మీద మీరు పెట్టిన ఏ కాపలా దాని మీద పనిచేయదు.

మొదట డిఫాల్ట్ పాస్‌వర్డ్‌లు. పాత డెల్ సర్వర్లలో రూట్ (యూజర్ పేరు), కాల్విన్ (పాస్‌వర్డ్) అన్న జంట లోకమంతటికీ తెలుసు. కొత్తవాటిలో పెట్టె మీది ట్యాగ్‌లో వేరే పాస్‌వర్డ్ ఉంటుంది. అన్నీ మార్చండి, ప్రతి బీఎంసీకీ వేరేది పెట్టండి, పాస్‌వర్డ్ వాల్ట్‌లో దాచండి. మదర్‌బోర్డు మార్చిన రోజున బీఎంసీ మళ్లీ ఫ్యాక్టరీ స్థితిలో వస్తుందని గుర్తుంచుకోండి. విడిభాగాలు మార్చే చెక్‌లిస్ట్‌లో ఈ సెట్టింగులన్నీ తిరిగి పెట్టే అడుగు ఉండాలి.

తర్వాత ఐపీఎంఐ ఓవర్ ల్యాన్‌ను (బీఎంసీలను నెట్‌వర్క్ మీద నడిపే పాత ప్రోటోకాల్‌ను) ఆపేయండి. ఐపీఎంఐ 2.0 పద్ధతిలో లాగిన్ పూర్తి కాకముందే బీఎంసీ ఆ యూజర్ పాస్‌వర్డ్‌తో తయారైన హ్యాష్‌ను (మార్చిన రూపాన్ని) అడిగినవాళ్లకు ఇచ్చేస్తుంది. తీసుకెళ్లి తీరిగ్గా ఛేదించుకోవచ్చు. ఇది ప్రోటోకాల్ నిర్మాణంలోనే ఉన్న లోపం, ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌తో పోయేది కాదు. పాస్‌వర్డ్ పొడవూ 20 అక్షరాలకు మించదు. సైఫర్ జీరో అనే, ధృవీకరణ లేని మోడ్ తెరిచి ఉన్న పాత బోర్డుల్లో యూజర్ పేరు తెలిస్తే చాలు, పాస్‌వర్డే అక్కర్లేదు. బదులుగా అదే పనికి హెచ్‌టీటీపీఎస్ మీద నడిచే కొత్త పద్ధతి రెడ్‌ఫిష్ వాడండి. ఏదైనా పాత స్క్రిప్ట్ కోసం ఐపీఎంఐ తప్పదంటే ఆ స్క్రిప్ట్ నడిచే ఒక్క చిరునామాకే యూడీపీ 623 తెరిచి, 20 అక్షరాలూ నింపిన యాదృచ్ఛిక పాస్‌వర్డ్ పెట్టి, సైఫర్ జీరో మూసేయండి.

ఫర్మ్‌వేర్‌ను వాయిదా వేయకండి. 2017లో బయటపడ్డ ఐఎల్‌ఓ 4 లోపంలో ఒక హెచ్‌టీటీపీ హెడర్‌లో ‘ఏ’ అక్షరాన్ని 29 సార్లు పంపితే లాగిన్ అడ్డే లేకుండా పోయేది. 2025లో ఏఎంఐ కంపెనీ తయారుచేసే మెగారాక్ అనే బీఎంసీ ఫర్మ్‌వేర్‌లో బయటపడ్డ లాగిన్ దాటవేత, అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా ప్రకటించే ‘దాడుల్లో వాడుతున్న లోపాల’ జాబితాకెక్కింది. మెగారాక్ అనేక కంపెనీల బోర్డుల్లో వేరే పేర్లతో ఉంటుంది కాబట్టి మీ దగ్గర లేదని తయారీదారును అడగకుండా అనుకోవద్దు. అప్‌డేట్ తర్వాత బీఎంసీ రీబూట్ అవుతుంది, మామూలుగా సర్వర్ ఆగదు. అయినా ర్యాకుకు ఒకటి చొప్పున మొదలుపెట్టి చూడండి.

సర్వర్‌లో రూట్ (సర్వాధికారం ఉన్న యూజర్) అయినవాళ్లు పాస్‌వర్డ్ లేకుండా లోపలి ఇంటర్‌ఫేస్ నుంచే బీఎంసీలో కొత్త యూజర్‌ను చేర్చగలరు. సర్వర్‌ను అద్దెకిచ్చి తిరిగి తీసుకుంటే బీఎంసీ యూజర్ల జాబితా చూడకుండా ఇంకొకరికి ఇవ్వకండి.

లైసెన్సులు కొనే ముందే చూడాలి. ఐడ్రాక్‌లో వర్చువల్ కన్సోల్, వర్చువల్ మీడియాకు ఎంటర్‌ప్రైజ్ లైసెన్స్ కావాలి. ఐఎల్‌ఓలో ఆపరేటింగ్ సిస్టమ్ లేచాక కూడా స్క్రీన్ కనబడాలంటే అడ్వాన్స్‌డ్ కావాలి.

పీడీయూలది చిన్న మాటే గానీ మరవకండి. పరికరాలను నెట్‌వర్క్ మీద నడిపే ఎస్‌ఎన్‌ఎంపీ ప్రోటోకాల్ పాత వెర్షన్లలో పాస్‌వర్డ్‌లా పనిచేసే ‘ప్రైవేట్’ అన్న కమ్యూనిటీ పేరు అలాగే ఉంటే ఆ పీడీయూ సాకెట్లన్నీ ఒక్క ప్యాకెట్‌తో ఆగిపోవచ్చు. ఎస్‌ఎన్‌ఎంపీ వెర్షన్ 3 తప్ప మిగతావి మూయండి.

6. గుమ్మం కట్టడం

ఇప్పుడు ఈ నెట్‌వర్క్‌లోకి వెళ్లే యంత్రం ఒకటి కావాలి. దీన్ని గేట్‌వే అందాం. ప్రొడక్షన్ వర్చువలైజేషన్ క్లస్టర్‌లో వీఎంగా (వర్చువల్ మెషీన్‌గా) పెట్టకండి. ఆ క్లస్టర్‌ను లేపడానికే కదా ఇది. రెండు చిన్న భౌతిక సర్వర్లు వేర్వేరు ర్యాకుల్లో పెట్టండి. ఫైర్‌వాల్‌లో నియమం ఇంతే: బీఎంసీ, పీడీయూ, కన్సోల్ సర్వర్ల వైపు ఈ రెండు చిరునామాల నుంచి తప్ప ఏదీ వెళ్లకూడదు.

ఎస్‌ఎస్‌హెచ్‌కు (కమాండ్ లైన్ రిమోట్ లాగిన్‌కు) ఒక్కొక్కరి పబ్లిక్ కీలను ప్రతి యంత్రంలో వేయడం మానేసి సర్టిఫికెట్లు వాడండి. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో ఇది 2010 నుంచీ ఉంది. పొద్దున లాగిన్ అయి రెండో ధృవీకరణ ఇస్తే 8 గంటలు చెల్లే సర్టిఫికెట్ వస్తుంది, సాయంత్రానికి అదే చచ్చిపోతుంది. ఎవరైనా ఉద్యోగం మానేస్తే ఒక్కచోట అకౌంట్ ఆపితే చాలు. రెండో ధృవీకరణకు ఫిడో హార్డ్‌వేర్ కీలు (కంప్యూటర్‌కు తగిలించే చిన్న భద్రతా పరికరాలు) ఫోన్‌లోని ఓటీపీ కంటే మెరుగు, ఫిషింగ్‌కు లొంగవు, గడియారాలు తప్పినా పనిచేస్తాయి.

బీఎంసీ వెబ్ పేజీలను ల్యాప్‌టాప్ బ్రౌజర్ నుంచి నేరుగా తెరవనివ్వకండి. గేట్‌వే వెనక ఒక డెస్క్‌టాప్ యంత్రంలో బ్రౌజర్ పెట్టి, దాన్ని అపాచే గ్వాకమోలీ అనే రిమోట్ డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ ద్వారా చూపించండి. సెషన్ వీడియోలా రికార్డవుతుంది. జావా అప్లెట్, పాత ఎన్‌క్రిప్షన్ టీఎల్‌ఎస్ 1.0 మాత్రమే తెలిసిన పాత బీఎంసీలకు పాత బ్రౌజర్ ఉన్న వేరే యంత్రం ఇక్కడే ఉంచండి. దానికి ఇంకెక్కడికీ దారి ఉండకూడదు.

పాత్రలు మూడు చాలు. చూడగలిగేవాళ్లు, పవర్ రీసెట్ చేసి కన్సోల్ తెరవగలిగేవాళ్లు, సెట్టింగులు మార్చగలిగేవాళ్లు. మూడో గుంపులో ఇద్దరు ముగ్గురు మించకూడదు. వెండర్ ఇంజినీర్‌కు యాక్సెస్ ఇవ్వాల్సి వస్తే ఒక్క పరికరానికి, రెండు గంటలకు, మీవాళ్లు ఒకరు సెషన్‌ను చూస్తుండగా ఇవ్వండి.

7. లాగిన్ సర్వర్ పడిపోతే

స్విచ్‌లు టాకాక్స్ ప్లస్‌తో (లాగిన్‌లను ఒక కేంద్ర సర్వర్ తనిఖీ చేసే పద్ధతితో) లాగిన్ అడుగుతుంటే వెనక లోకల్ యూజర్‌ను రెండో దారిగా పెట్టండి. టాకాక్స్ సర్వర్ స్పందించనప్పుడే లోకల్ పనిచేస్తుంది. స్పందించి ‘కాదు’ అంటే పనిచేయదు. ప్రతి కమాండ్‌కూ అనుమతి అడిగే సెట్టింగ్ ఉంటే దానికి కూడా వెనక దారి రాయాలి. లేకపోతే లోపలికి వెళ్లాక ఒక్క కమాండూ నడవదు. రాసినా సర్వర్ కోసం 5 సెకన్లు ఎదురుచూసి గానీ ముందుకు కదలదు, స్విచ్ హ్యాంగ్ అయిందని భయపడకండి.

అత్యవసర అకౌంట్ పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి, సీల్ చేసిన కవర్‌లో, ఆఫీసులో ఒకచోట, కోలో లాకర్‌లో ఇంకొకచోట ఉంచండి. ఆ అకౌంట్‌తో ఎవరు లాగిన్ అయినా టీమ్ మొత్తానికి వెంటనే మెసేజ్ రావాలి.

8. లాగ్‌లు

భారత ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు నిలవ ఉండాలి, నిర్దేశించిన రకం ఘటనలను గుర్తించిన 6 గంటల్లోగా తెలియజేయాలి, గడియారాలు ఎన్‌ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) లేదా ఎన్‌పీఎల్ (నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ) టైమ్ సర్వర్లతో, లేదా వాటికి అనుసంధానమైనవాటితో సరిపోలాలి. బీఎంసీలకు ఇంటర్నెట్ మూసేశారు కాబట్టి గేట్‌వే ఆ టైమ్ తెచ్చుకుని లోపలివాటికి పంచాలి. బీఎంసీ లోపలి ఈవెంట్ లాగ్ చాలా చిన్నది, నిండిపోతుంది. సిస్‌లాగ్ (లాగ్‌లు పంపే ప్రోటోకాల్) ద్వారా బయటికి పంపించండి. సెషన్ రికార్డింగ్‌లో కీబోర్డు నొక్కులు రికార్డ్ చేస్తే పాస్‌వర్డ్‌లు కూడా అందులో పడతాయి. స్క్రీన్ మీద వచ్చేది మాత్రమే రికార్డ్ చేయండి.

9. మూడు నెలలకోసారి నిజంగా తెంచి చూడండి

మెయింటెనెన్స్ సమయం తీసుకుని, కోలో వాళ్లకు చెప్పి, ప్రొడక్షన్ అప్‌లింక్‌లు ఆపండి. ఆఫీసు వీపీఎన్ లేకుండా, ఫోన్ హాట్‌స్పాట్ మీద ఇంటి నుంచి మొదలుపెట్టండి. ముందు రెండో లైన్ నుంచి, తర్వాత దాన్ని కూడా తీసేసి ఎల్‌టీఈ నుంచి గేట్‌వేకు చేరండి. కోర్ స్విచ్ కన్సోల్ తెరిచి లోకల్ యూజర్‌తో లాగిన్ అవండి. ఒక సర్వర్‌ను రెస్క్యూ ఐఎస్ఓతో బూట్ చేయండి. ఖాళీ సాకెట్ ఒకటి ఆఫ్ చేసి ఆన్ చేయండి. కవర్ చించి అత్యవసర అకౌంట్ వాడండి, మెసేజ్ వచ్చిందో లేదో చూడండి.

మొదటిసారి ఏవో ఒకటి రెండు ఆగిపోతాయి: గేట్‌వే లాగిన్ ఆఫీసు ఎస్ఎస్‌ఓను (అన్నిటికీ ఒకే లాగిన్ ఇచ్చే సర్వర్‌ను) అడుగుతుంటుంది, సర్టిఫికెట్ గడువు దాటి ఉంటుంది, చిరునామాల షీట్ ప్రొడక్షన్‌లోని వికీలో ఉంటుంది. ఎస్ఎస్‌ఓ అందనప్పుడు గేట్‌వేలోకి ఫిడో కీతో వెళ్లే లోకల్ అకౌంట్లు రెండు పెట్టుకోండి. షీట్ కాపీ గేట్‌వేలో ఒకటి, ముద్రించినది కవర్ పక్కన ఒకటి ఉంచండి. పరీక్ష అయ్యాక అత్యవసర పాస్‌వర్డ్ మార్చి, కొత్త కవర్ సీల్ చేసి, దాని మీద తేదీ వేసి సంతకం పెట్టండి.